కేతమ్మ వదిలేసిన పొద

లాంటానా పేరెత్తితే చాలు, కేతమ్మ పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మేస్తుంది. కళ్లకు గంతలు కట్టినా ఆ పొదను పోల్చుకోగలదు. నాలుగు పలకల కాడ, దాని వెంట గీరుకునే ముళ్లు, గరుకు ఆకు. నలిపితే పిల్లి ఉచ్చ కంపు. పువ్వులకేం, పసుపూ గులాబీ కలిసి ముద్దుగానే ఉంటాయి. ఆ ముద్దు చూసే దొరలు బంగళాల చుట్టూ నాటుకున్నారట. వాళ్ల కళ్లలో దుమ్ముకొట్ట!

ఆమె అత్త ఉన్న రోజుల్లో బిళిగిరి కొండల్లో ఆమె జాతివాళ్లు, సోలిగలు, ఏటా ఎండుటాకుకు చిన్న మంట పెట్టేవారు. ఆఫీసర్లు అది నేరమన్నారు. మంట ఆగింది, లాంటానా దిగింది. దాని కింద గడ్డి మొలవదు, జింక అటు తొంగిచూడదు, గడ్డల తీగ ఊపిరాడక చస్తుంది. గూడెం చుట్టూ చివరికి వాగు అవతల ఉసిరిచెట్ల వాలు ఒక్కటే మిగిలింది. కేతమ్మ ఇంట్లో సగం ఏడాది తినే అడవి గడ్డలన్నీ అక్కడివే.

వేసవిలో వాగు ఇవతలి గట్టు నరకడానికి ఫారెస్టువాళ్లు ఆడవాళ్లను కూలికి పిలిచారు. కుర్ర గార్డు బొమ్మల కాగితం ఒకటి పట్టుకొచ్చాడు.

"అమ్మా, లాంటానా అంటే ఇదీ. బాగా చూసి గుర్తుపెట్టుకో."

"నా సవతిని నాకే చూపిస్తున్నావా నాయనా? ఆ కాగితం నీ దగ్గరే ఉంచుకో, నీకే పనికొస్తుంది" అంది కేతమ్మ. ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు.

పది రోజుల్లో గట్టు నున్నగా అయింది. చివరి రోజు, నల్లటి పళ్లతో విరగకాసిన పొద ఒకటి కేతమ్మ కత్తికి మిగిలింది. దాని మీద పిగిలిపిట్టలు వాలి ఉన్నాయి. ఆమె కత్తి బొడ్లో దోపేసింది.

"అదొక్కటీ వదిలేశావేమే కేతీ?" అంది ఆడపడుచు రంగమ్మ.

"పిట్టలకు, వదినా."

రంగమ్మ సరేనన్నట్టు తలూపింది. తేనె తీసినా, ఉసిరికాయ దులిపినా, గడ్డ తవ్వినా అడవిలోని ప్రాణులకు కొంత వదలడం సోలిగల చేతికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఆమె కూడా ఒక పొద వదిలింది.

వానలు వెనకబట్టాక కేతమ్మ గడ్డపలుగు పట్టుకుని రంగమ్మతో కలిసి వాలెక్కింది. పిట్టలు వాలే ఉసిరిచెట్ల కింద, రెట్టల మధ్య, నారుమడిలో నారులా మొలకలు. ఒకదాని ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే పిల్లి ఉచ్చ కంపు. గార్డును తిట్టింది, ఆఫీసర్లను తిట్టింది, దొరలను మళ్లీ తిట్టింది. తిట్లయిపోయాక తన చెయ్యి చూసుకుంటే తనకే రోత పుట్టింది.

"మనమే నాటాం వదినా. పిట్టలచేత మోయించి మరీ నాటాం."

నాలుగు రోజులు ఇద్దరూ మొలకలు పీకారు. అయిదో రోజు వాగు దాటొచ్చి ఆ రెండు పొదలను వేళ్లతో సహా పెకలించారు. పండు ఒక్కటి నేల రాలకుండా కొంగుల్లోకి దూసి, ఇంటి పొయ్యిలో పోశారు. కమురు కంపు కొట్టింది.

మళ్లీ గట్టుకొచ్చేసరికి, నేల మీద పడున్న కొమ్మల మీద పిగిలిపిట్టలు వాలి వెతుక్కుంటూనే ఉన్నాయి. కేతమ్మ అదిలించింది. ఎగిరి మళ్లీ వాలాయి. ఆమె రాయి తీసి విసిరింది. బుద్ధెరిగాక పిట్ట మీద రాయి వేయడం ఆమెకు అదే మొదటిసారి.

రంగమ్మ వంగి, తనూ ఒక రాయి అందుకుంది.