ఎడమచేతి ముడి

దబ్బనంతో అట్టకు మూడు చిల్లులు పొడిచి, మైనం రాసిన దారం వాటిలోంచి లాగుతోంది ఆమె. అట్ట మీద పదిహేడు అని అంకె వేసింది. లోపల ఇంకా ఒక్క కాగితమే ఉంది.

ఆ లాండ్రీలో నేను బాయిలరు చూసుకునేవాణ్ణి. ఆసుపత్రులవీ, హోటళ్ళవీ దుప్పట్లు మా దగ్గరికి వచ్చేవి. పనివాళ్ళు అరవై మంది, పొద్దునా సాయంత్రమూ రెండు షిఫ్టులు. ఒక్కొక్కరికి అంకె కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది. లోపలికి రాగానే దాన్ని బోర్డు మీది మేకుకు తగిలించాలి. గేటు ముసలాయన మొహాలు చూడడు, అంకెలు రాసుకుంటాడు. ఆ అంకెలూ, సెలవులూ, నియామకాలూ, తగువులూ అన్నీ చివరికి చేరేది ఆఫీసులో ఈమె బల్ల మీదికే. అందరూ దబ్బనమక్క అనేవాళ్ళు.

లోపలున్న ఆ ఒక్క కాగితం పొద్దుటి షిఫ్టు సూపర్‌వైజరు ఇచ్చిన ఫిర్యాదు. పదిహేడో నంబరు ఇస్త్రీ మనిషి మూడు రోజులుగా పనికి రావడం లేదనీ, ఆమె బిళ్ళ మాత్రం మేకుకు వేలాడుతోందనీ అందులో ఉంది. ఓనరు చెప్పులు విడవకుండానే గదిలోకి వచ్చాడు.

“తీసేసినట్టు ఉత్తరం ఇవాళే రాసెయ్యమ్మా.”

“అది ఆఖరి కాగితం సార్. మధ్యలోవి లేకుండా ఆఖరిది ఎలా కుట్టను?”

“బిళ్ళ ఉంది, మనిషి లేదు. ఇంకేం కావాలి?”

“ఆ మనిషి ఏమంటుందో కావాలి. నోటీసు ఇవ్వాలి, జవాబుకి గడువివ్వాలి. వినకుండా తీసేస్తే రేపు లేబరాఫీసులో చేతులు కట్టుకుని నిలబడేది మనమే.”

వెనకాలే ఉన్న సూపర్‌వైజరు అందుకున్నాడు. “నిప్పు లేనిదే పొగ రాదక్కా.”

“ఇది లాండ్రీ తమ్ముడూ. ఇక్కడొచ్చేది పొగ కాదు, ఆవిరి.”

ఓనరుకు నవ్వొచ్చింది. “మూడు రోజులు. ఆ తర్వాత నన్ను ఆపొద్దు” అని వెళ్ళిపోయాడు.

ఆమె కూడా ఒకప్పుడు మడతల బల్ల దగ్గర నిలబడ్డదే. పదో తరగతితో చదువు ఆగింది. పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన కార్మిక చట్టాల పుస్తకం ఒకటి కొని, అన్నం తినే అరగంటలో పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ చదివింది. అర్థం కానిచోట లేబరాఫీసుకే వెళ్ళి గుమాస్తా బుర్ర తినేది. కడుపుతో ఉన్న పిల్లను మానిపించబోతే ప్రసూతి సెలవు పేజీ తీసి ఓనరు ముందు పెట్టింది. తాగొచ్చి యంత్రం మీద చెయ్యేసినవాణ్ణి, అన్ని కాగితాలూ పద్ధతిగా కుట్టి, తనే బయటికి పంపింది. ఎవరి పక్షమూ కాదు, ఫైలు పక్షం.

రెండో రోజున పదిహేడో నంబరు మనిషి నోటీసు గుప్పిట్లో నలుపుకుంటూ వచ్చింది. కూతురి కాలు విరిగింది. పొద్దున్నే కట్టు మార్పించడానికి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇంట్లో సంపాదించేది తనొక్కతే.

“అక్కా, నేను పని ఎగ్గొట్టలేదు. పక్కబల్ల వదిన నా పొద్దుటి పని చేసింది, దాని సాయంత్రం పని నేను చేశా. బిళ్ళలు కూడా మార్చుకున్నాం.”

“పనులు మార్చుకుంటే మార్చుకున్నారు, బిళ్ళలెందుకే?”

“పొద్దుటి మేకుకి పొద్దుటి బిళ్ళే ఉండాలిగా! మేకు ఖాళీగా కనిపిస్తే రభస.”

దబ్బనమక్క నుదురు కొట్టుకుంది. “బిళ్ళ మేకుది కాదే తల్లీ, మనిషిది!”

“దొంగనని తీసేశారంటే ఇంకే లాండ్రీ గడప తొక్కనిస్తుందక్కా నన్ను?” అంది ఆమె. సాయంత్రం ఆమెను చూసినవాళ్ళు ఉన్నారు గానీ, వాళ్ళంతా స్నేహితులేనని కొట్టిపారేస్తారు.

దబ్బనమక్క లేచి సరుకు గదిలోకి నడిచింది. రెండు వారాల హోటలు కట్టలు ఇంకా వెళ్ళలేదు. ఇస్త్రీ చేసినవాళ్ళే దుప్పట్లను తాడుతో కట్టి, తేదీ, ఆ పూట తగిలించిన బిళ్ళ అంకె వేసిన చీటీ దోపుతారు. ఆ మూడు సాయంత్రాల కట్టల్లో పక్కబల్ల వదిన అంకె ఉన్నవి తీసి, తాడు ముడుల మీద వేలు పెట్టి చూసింది. వాటి పక్కన అంతకుముందు వారం కట్టలు పెట్టింది. కాసేపటికి నన్ను పిలిచి, “ఇవి మోసుకురా” అంది.

ఓనరు గదిలో ఇద్దరు ఇస్త్రీ ఆడవాళ్ళనూ నిలబెట్టి చెరో తాడు ఇచ్చింది. “కట్టండి.”

పక్కబల్ల వదిన ముడి తోక కుడివైపుకు పడింది. పదిహేడో నంబరు మనిషిది ఎడమచేతి వాటం. తోక ఎడమకు పడింది. ఆ మూడు సాయంత్రాల కట్టలన్నిటికీ తోకలు ఎడమవైపే ఉన్నాయి.

“చీటీ మీద అంకె మారుతుంది సార్, చేతి వాటం మారదు” అంది దబ్బనమక్క.

ఓనరు ఒక్కో ముడీ తిప్పి చూశాడు. “మరి నాకెందుకు చెప్పలేదు వీళ్ళు?”

“మీలో మీరు సర్దుకోండి, నన్ను విసిగించకండి అని చెప్పిందెవరో అడగండి.”

అందరూ సూపర్‌వైజరు వైపు తిరిగారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతను మెడ తుడుచుకున్నాడు. “ఎప్పుడో మాటవరసకి అనుంటానక్కా...”

“నువ్వన్నావు. నేను విన్నాను, కాగితం మీద పెట్టలేదు. అది నా తప్పు.”

ఆ మాట అనేసి ఊరుకోలేదు. విచారణ కాగితంలో, పని మార్పిడికి నియమం రాయకపోవడం ఆఫీసు లోపమని తన చేత్తోనే రాసి, కింద సంతకం పెట్టింది. నా ముప్పై ఏళ్ళ పనిలో తన తప్పును తనే ఫైల్లో కుట్టుకున్నవాళ్ళను నేను ఇంకొకరిని చూడలేదు.

ఆఖరి కాగితం ఆ మధ్యాహ్నమే తయారైంది. ఫిర్యాదు కొట్టేశారు. ఇంకొకరి బిళ్ళ తగిలించొద్దని ఇద్దరికీ రాతపూర్వకంగా హెచ్చరిక. ఇకమీదట పని మార్చుకుంటే చీటీ రాయాలి, ఇద్దరి సంతకాలూ సూపర్‌వైజరుదీ ఉండాలి. ఓనరు రెండుసార్లు చదివి సంతకం చేశాడు.

దబ్బనమక్క చీటీల పుస్తకం సూపర్‌వైజరు చేతిలో పెట్టింది. “విసుక్కోకుండా సంతకం పెట్టు తమ్ముడూ” అంది. పదిహేడో నంబరు బిళ్ళను కొంగుతో తుడిచి, దాని మనిషికి ఇచ్చింది. తర్వాత కాగితాలన్నీ సర్ది, దారం బిగించి ముడివేసి, మిగిలిన కొస పంటితో తెంపి, ఫైలు ఓనరు బల్ల మీద పెట్టింది.