తొమ్మిదేళ్ల పిల్లకు నేను నేర్పిన మర్యాద

మా ముత్తాత నిజాం కాలంలో పద్నాలుగు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన గడి ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లు. మా తాత హైదరాబాదులో ఉర్దూలో వకాలతు చదువుకుని వచ్చి, ఊళ్లో ఒక్కరికీ అర్థం కాని ఉర్దూలో తగువులు తీర్చేవారు. మా నాన్న ఏ పనీ చేయలేదు. మా వంశంలో అదీ ఒక హోదాయే. నేను హామిల్టన్‌లో, పాలు పితికే యంత్రాలకు విడిభాగాలు అమ్మే ఒక కంపెనీ గోదాంలో పనిచేస్తాను. ఏ యంత్రానికి ఏ రబ్బరు గొట్టం పడుతుందో ఈ చుట్టుపక్కల నాకంటే బాగా తెలిసినవాళ్లు తక్కువ. వంశం ఎక్కడ మొదలై ఎక్కడిదాకా వచ్చిందో చూశారుగా.

తాత నుంచి నాకు దక్కిన ఆస్తి రెండే. ఒకటి ఉర్దూ, రెండోది నల్ల షేర్వాణీ. దాని ఆరు వెండి గుండీల మీద మా ఇంటి ముద్ర ఉండేది. రెండింటికీ ఒకేసారి పని దొరికే చోటు ఈ దేశంలో ఒక్కటే కనిపించింది. శరణు కోరి వచ్చినవాళ్లను విచారించే కార్యాలయం ఒకటి ఆక్లాండ్‌లో ఉంది. ఉర్దూ దుబాసీ కావలసినప్పుడు వాళ్లు నన్ను పిలిచేవాళ్లు. గోదాంలో సెలవు పెట్టి, రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లేవాణ్ని. మిగతా దుబాసీలు స్వెట్టర్లు వేసుకుని వచ్చేవాళ్లు. నేను షేర్వాణీలో వెళ్లేవాణ్ని. మొదటిసారి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లోని అమ్మాయి నన్నే శరణార్థి అనుకుని, గ్లాసుతో నీళ్లిచ్చి, భయపడకండి అంది.

గతేడాది చలికాలంలో ఒక కుటుంబం వచ్చింది. ఏ దేశమో, ఎందుకు పారిపోయి వచ్చారో నేను చెప్పకూడదు. సంతకం పెట్టాను. తల్లి, తండ్రి, తొమ్మిదేళ్ల కూతురు. పెద్దవాళ్ల విచారణ అంతకుముందే అయిపోయింది. ఆ రోజు పిల్ల వంతు. తల్లి ఒక్కతే తోడు వచ్చింది. ఇక్కడ పిల్లలను తల్లిదండ్రుల సామానులో ఒక పెట్టెగా చూడరు. వెనక్కి పంపితే పిల్లకేమవుతుంది, ఉండనిస్తే ఏమవుతుంది, అసలు పిల్ల ఏమంటుంది అని విడిగా తేల్చాలి. దానికో ఫారం, ఫారం నిండా గళ్లు. మా ఇంట్లో పిల్లల మేలు గురించి పిల్లలను అడిగిన పాపాన ఎవరూ పోలేదు కాబట్టి, ఈ వ్యవహారమంతా నాకు కొంచెం అతిగానే తోచింది.

తల్లి చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. వాళ్ల వకీలు, ఇక్కడే పుట్టి పెరిగిన ఒక కుర్ర కివీ, కాగితాల కోసం పక్క గదిలోకి పోయాడు. వెయిటింగ్ హాల్లో నేనూ ఆ పిల్లా మిగిలాం. రిసెప్షన్ అమ్మాయి బిస్కట్ల పళ్లెం పట్టుకొస్తే పిల్ల వద్దంది. మళ్లీ అడిగితే మళ్లీ వద్దంది. మూడోసారీ వద్దంది. కళ్లు మాత్రం పళ్లెం మీదే ఉన్నాయి. పరాయివాళ్లు పెడితే మూడుసార్లు వద్దనాలని మా నాయనమ్మ మాకు గిల్లి నేర్పింది. భూగోళం అడుగున ఆ మర్యాద మళ్లీ కనబడేసరికి నా నడుము ఇంకాస్త నిటారైంది.

విచారణకు ముందు దుబాసీ వాళ్లతో మాట్లాడకూడదు. అది నియమం. నియమాలు మామూలు వాళ్లకు కదా. పిల్లను దగ్గరికి పిలిచి, నా ఏడేళ్లప్పటి కథ చెప్పాను. సీలింగు చట్టం కింద మిగులు భూమి రాసుకోవడానికి అధికారులు గడికి వచ్చిన రోజది. వంటవాడు అప్పటికే మానేశాడు. పొద్దున్నుంచి పొయ్యి వెలగలేదు. ఒక అధికారి తన టిఫిన్ డబ్బా విప్పి, తిన్నావా బాబూ అని అడిగాడు. తిన్నానన్నాను. ఆ మాట మా చుట్టాల పెళ్లిళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నువ్వు మంచి ఇంటి పిల్లవి. మంచి ఇంటి పిల్లలు ఇంటి బాధ పరాయివాళ్లకు చెప్పరు" అన్నాను చివర్లో. పిల్ల తలూపింది. వీపు నిటారుగా పెట్టి కూర్చుంది.

తల్లి ఎదుట ఉంటే పిల్ల మనసు విప్పి మాట్లాడదేమోనని తల్లిని బయట కూర్చోబెట్టారు. నన్ను లోపల కూర్చోబెట్టారు.

విచారించే అధికారిణి మంచి మనిషి. నేల మీద బొమ్మలు పరిచి, నెమ్మదిగా అడిగింది. అక్కడ బడి ఎలా ఉండేది? బాగుండేది. ఎవరైనా ఏమైనా అన్నారా? లేదు. తిరిగి వెళ్లాలంటే భయమా? అమ్మానాన్న ఎక్కడుంటే అక్కడ బాగుంటాను. తాత వింటే మెచ్చుకునేంత శుద్ధంగా అనువదించాను. వకీలు మొహంలో రంగు దిగిపోతుంటే, వీడికి అనుభవం చాలదు అనుకున్నాను. చివర్లో అధికారిణి తాను రాసుకున్నది చదివి వినిపించింది. పిల్లకు భయం లేదు. బడిలో పిల్లను రోజంతా గదిలో పెట్టి తాళం వేశారని తల్లి చెప్పిన మాటకూ, పిల్ల మాటకూ పొంతన లేదు. అంటే ఫారంలో పిల్ల గడి ఒక్కటే కాదు, తల్లి మాట కూడా కొట్టుకుపోయిందన్నమాట. అదీ తప్పు లేకుండా అనువదించాను.

బయటికి రాగానే పిల్ల తల్లి దగ్గరికి పోలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి తలెత్తి చూసింది.

"బాగా చెప్పానా అంకుల్?"

"చాలా బాగా చెప్పావు" అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో, పేర్లూ ఊళ్లూ తీసేసి, సంగతంతా మా ఆవిడకు చెప్పాను. పిల్లల పెంపకం మీద నాలుగు మంచి మాటలు కూడా చేర్చాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"ఆ దినం మీకు ఆకలైందా, కాలేదా?"

"అయింది."

"మీరు చెప్పలేదని మీ తాతకు భూమి వాపస్ ఇచ్చిన్రా?"

నేను షేర్వాణీ విప్పి కొక్కేనికి తగిలించాను.

"మీకు ఒక పూట తిండి పోయింది. ఆ పిల్లకు ఏం పోతదో ఎరికేనా? దాని నోరు మూసి వచ్చిన్రు దొరవారు. షేర్వాణీ ఏసుకొని మరీ."

మర్నాడు కార్యాలయానికి ఉత్తరం రాశాను. మొదటి ప్రతి గొప్ప ఇంగ్లీషులో రెండు పేజీలు వచ్చింది. మా ఆవిడ చదివి, ఇందులో తప్పు ఎవరిదని అడిగింది. నాకూ కనబడలేదు. రెండో ప్రతిలో రెండే వాక్యాలున్నాయి. లోపలికి వెళ్లే ముందు నేను ఆ పిల్లతో మాట్లాడాను. ఇంటి బాధ చెప్పవద్దని నేనే చెప్పాను. మా వంశంలో ఇంత పొట్టి దస్తావేజు ఎవరూ రాసి ఉండరు.

అధికారిణి ఫోన్ చేసి ఎంతో మర్యాదగా ధన్యవాదాలు చెప్పింది. దుబాసీల జాబితాలోంచి నన్ను తీసేసినట్టు అంతే మర్యాదగా చెప్పింది. పిల్లను మళ్లీ విచారిస్తామంది. విచారించారు. కొత్త దుబాసీ, స్వెట్టర్ వేసుకున్న ఒకావిడ, తల్లిని కూడా పక్కన కూర్చోబెట్టమంది. పిల్ల మళ్లీ అదే పాఠం చెప్పింది. బాగుండేది. లేదు. తల్లి చెప్పమని బతిమాలితే తల్లినే చురచురా చూసిందట. ఇచ్చిన మాట మీద నిలబడే మనుషులు మా కాలంతోనే పోయారనుకున్నాను. ఒకరు మిగిలారు.

చివరికి వకీలు, తల్లి అనుమతితో ఇదంతా నాకు ఫోన్‌లో చెప్పి, ఒక దారి వెతికాడు. అందరి ఎదుటా నేనొక్కసారి పిల్లతో మాట్లాడాలి. అధికారిణి ఒప్పుకుంది. గోదాం జాకెట్‌లోనే వెళ్లాను. నా ఉర్దూని స్వెట్టర్ ఆవిడ అధికారిణికి ఇంగ్లీషులో చెబుతూ పోయింది. నా మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు.

"నీకు చెప్పిన కథలో ఒక ముక్క వదిలేశాను" అన్నాను. "ఆ రోజు నేను తినలేదు. రాత్రికీ తినలేదు. ఆకలికి గోడ సున్నం గీరి నాకాను."

ఈ ముక్క మా పెళ్లిళ్లలో ఎవరూ చెప్పుకోరు. మా ఆవిడకూ నేను చెప్పలేదు. పిల్ల నా వైపు తిరిగి అడిగింది.

"ఆయన డబ్బాలో ఏముంది?"

"పూరీలు."

"అడిగితే పెట్టేవాడా?"

"పెట్టేవాడు. మూత తీసే ఉంచాడు."

పిల్ల తల్లి వైపు చూసింది. తర్వాత బల్ల మీది పళ్లెంలోంచి, ఎవరూ అడక్కుండానే, ఒక బిస్కట్ తీసుకుంది. నన్ను ఇక వెళ్లవచ్చన్నారు. హాల్లో పాత కుర్చీలోనే కూర్చున్నాను. ఆ తలుపు మధ్యాహ్నం దాటేదాకా తెరుచుకోలేదు. తెరుచుకున్నాక వకీలు నాతో ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కానీ అతని మొహంలోకి రంగు తిరిగి వచ్చింది.

మూడు నెలలకు అతని దగ్గర నుంచి ఒక వాక్యం వచ్చింది. నాతో చెప్పమని తల్లే అడిగిందట. వాళ్లను ఇక్కడ ఉండనిచ్చారు.

ఆ కార్యాలయం నుంచి నాకు మళ్లీ పిలుపు రాలేదు. హామిల్టన్‌లో ఆ షేర్వాణీ వేసుకుని వెళ్లే చోటు ఇంకొకటి లేదు. ఎండలు ముదరకముందే దాని ఆరు వెండి గుండీలూ కోసి, విక్టోరియా వీధిలో పాత వస్తువులు కొనే దుకాణంలో అమ్మేశాను.