పగులు మీద పెట్టిన బొట్టు

ఏడేళ్ళుగా నేనొక ఇనప ముక్కను దాస్తున్నాను. జానెడు పొడవు, బొటనవేలి కంటే కాస్త లావు. తూకం వేస్తే వీశెడు కూడా ఉండదు. రోజూ మణుగుల కొద్దీ ఇనుము ఎత్తి దించే కమ్మరివాడికి ఆ ముక్క బరువుకే నడుం వంగిపోయిందంటే మా వీధిలో ఎవరూ నమ్మరు. నమ్మకపోగా నవ్వుతారు. నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే.

పేరు రాయను. ధవళేశ్వరంలో కాలవ లాకు పక్కన కొలిమి పెట్టుకుని, ఇరవై ఏడేళ్ళకే సగం తల నెరిసిన కమ్మరి ఎవరో కనుక్కోవడానికి మీకు పెద్ద తెలివి అక్కర్లేదు. అయినా పేరు రాయకపోతే కాస్త ధైర్యంగా ఉంది. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా ఇలాగే ఉంటుందనుకుంటాను.

మా నాన్న పోయేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఆయన నాకు వదిలిపెట్టినవి మూడు. కొలిమి, ఇనుము పెట్టి కొట్టే దాగలి, సత్తియ్య. సత్తియ్య మా నాన్న ఈడువాడు. నేను పట్టకారుతో ఇనుము పట్టుకుంటే సమ్మెట వేసేది ఆయనే. రోజుకు పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు దగ్గు. మిగతా మాటలన్నీ నా వాటాకే వచ్చాయి.

మేం అందరూ చేసే బండ్లు చేసేవాళ్ళం కాదు. అడిగినవాడి కోరికను బట్టి ఇనుము వంచేవాళ్ళం. ఒక రైతుకు పక్కూరి కామందు బండికన్నా బెత్తెడు ఎత్తున కూర్చోవాలని ఉండేది. ఇంకొకాయనకు తన బండి వస్తోందని మలుపు అవతలే తెలియాలి, చక్రానికి గజ్జెలు కావాలి. చెక్కపని పక్కింటి వడ్రంగిది, ఇనప్పని మాది. కోరికలు ఎంత విడ్డూరంగా ఉంటే నాకంత సరదా. చేస్తూ నవ్వేవాణ్ణి, చేశాక వీధి నవ్వేది.

ఆ ఏడు గోదావరికి ఎర్రనీళ్ళు రాకముందే నూకాలమ్మ వచ్చింది. ఆనకట్ట దిగువన రేవులో చేపలు కొని రాజమండ్రిలో అమ్మేది. భర్త పోయిన మనిషి. వరద నీటికి పులస ఎక్కే రోజుల్లో మొదటి గంప ఎవరిదైతే బేరం వాళ్ళది. ఆవిడ ఎద్దుబండి ఎప్పుడూ మూడోదిగానే వెళ్ళేది. అందుకని ఒక పొట్టి గుర్రాన్ని కొంది. దానికి బండి కావాలి.

"గుర్రానికి తను లాగుతున్నట్టే తెలియకూడదయ్యా ఆచారీ. అంత తేలిగ్గా ఉండాలి," అంది.

"చక్రాలు తీసేద్దామా? ఇంకా తేలిక," అన్నాను.

"నీ నోరు తీసేస్తే ఇంకా తేలిక."

బేరం కుదిరింది. ధవళేశ్వరం నుంచి రాజమండ్రి దాకా ఇంత సన్న ఇరుసు మీద బండి ఎవరూ చూసి ఉండరని నేను ఊరంతా చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. ఇంత సన్న ఇరుసు ఎందుకు చూసి ఉండరో నేను ఆలోచించలేదు, అంతే.

చేతిలో ఉన్న కడ్డీ పొడవు చాలలేదు. రెండు ముక్కలు అతకాలి. అతుకంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే నా పాపమంతా అక్కడే పుట్టింది. రెండు కొసలూ కొలిమిలో తెల్లగా కాగాలి, మైనంలా మెరవాలి. తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఊపిరి తీసేలోపు సమ్మెట పడాలి. ఆ క్షణం దాటితే ఇనుము పైకి కలిసినట్టే కనబడుతుంది, లోపల మాత్రం ఎవరి దారి వారిదే. కాపురాల్లాగే.

ఆ రోజు గుమ్మంలో నలుగురు కూర్చున్నారు. నేనేదో కథ చెబుతున్నాను. ఏం కథో ఇప్పుడు గుర్తు లేదు. నవ్వు వచ్చే చోటు దగ్గరపడింది. ఇనుము తెల్లబడింది. తీశాను. తీసి, పట్టకారుతో పట్టుకుని, ఆ చివరి మాట చెప్పాను. నలుగురూ విరగబడి నవ్వారు. సత్తియ్య సమ్మెట ఎత్తి నిలబడి ఉన్నాడు. ఒకే ఒక్కసారి నా మొహం చూశాడు. తర్వాత కొట్టాడు.

ఒక నవ్వు ఆలస్యం. అంతే. అంతకన్నా ఏమీ కాదు.

బండి అప్పజెప్పే శుక్రవారం పొద్దున్న ఇరుసును తడిగుడ్డతో తుడిచాను. ఎండకు తడి ఆరిపోతోంది. అంతా ఆరిపోయినా ఒకచోట, కుడి చక్రం లోపలివైపున, వెంట్రుకంత గీత తడిగానే ఉండిపోయింది. ఇనుము మీద నీరు ఊరికే నిలవదు. గోరుతో గీరాను. గోరు ఆగింది.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. కోసి, మళ్ళీ కాల్చి, మళ్ళీ అతకాలి. రెండు రోజులు. నూకాలమ్మ తిడుతుంది, తిట్టనీ. అదేం పెద్ద సంగతి? కానీ వీధిలో అప్పటికే జనం చేరారు. వాళ్ళందర్నీ పిలిచింది నేనే. సన్న ఇరుసు చూడండని గొప్పలు పోయింది నేనే. ఇప్పుడు నేనే బయటికి వచ్చి, ఇది పగిలిందండీ అనాలి. నలుగుర్నీ నవ్వించి బతికినవాడికి నలుగురూ తనను చూసి నవ్వడం కన్నా భయంకరమైనది ఉండదు. ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్న భయం అనిపిస్తోంది. ఆ పొద్దున్న అది గోదావరంత ఉంది.

ఆముదంలో మసి కలిపి గీతలో రాశాను. గీత మాయమైంది. అంతలో నూకాలమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పసుపు ముద్ద, కుంకుమ, కొబ్బరికాయ. కొత్త బండికి ఇరుసు మీద పసుపు రాసి బొట్టు పెట్టందే గుర్రాన్ని కట్టరు. తను పెట్టకూడదని పళ్ళెం నాకిచ్చింది. నీ చేత్తోనే పెట్టు ఆచారీ, చేసినవాడివి అంది.

పెట్టాను. ఎక్కడ పెట్టానో మీకు చెప్పక్కర్లేదు. దళసరిగా పసుపు మెత్తి, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ అద్దాను. పెట్టిన బొట్టును ఎవరూ చెరపరు. దానంతట అది పోవలసిందే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పెట్టాను.

జనంలో ఎవరో, ఇంత సన్న ఇరుసు బరువు మోస్తుందా అన్నారు. ఇరుసుదేముంది, ఎక్కేవాళ్ళు ఓ పూట పస్తుంటే సరి అన్నాను. అందరూ నవ్వారు. సత్తియ్య నవ్వలేదు. ఆయన ఎప్పుడూ నవ్వడు గనక నేను పట్టించుకోలేదు.

బండి తోలేది నూకాలమ్మ తమ్ముడు పోలయ్య. నాకన్నా రెండేళ్ళు పెద్ద. నావ కొసన ఒంటికాలి మీద నిలబడి వల విసిరితే నీళ్ళ మీద పూర్తి గుండ్రంగా పరుచుకునేది. అక్క కోసం పొద్దుటి పూట బండి, తన కోసం తర్వాత నావ.

ఆ రోజు నుంచి నేను చెవులతో బతికాను. తెల్లవారుతూనే బండి మా కొలిమి ముందు నుంచి వెళ్ళేది. దూరాన చక్రం చప్పుడు వినబడితే నా చేతిలో సుత్తి ఆగిపోయేది. చప్పుడు దగ్గరై, దాటి, కాలవ గట్టు ఎక్కి, సన్నగిల్లేదాకా ఊపిరి పీల్చేవాణ్ణి కాదు. పోలయ్య చెయ్యి ఊపేవాడు. నేనూ ఊపేవాణ్ణి. ఇవాళ చెబుదాం అనుకునేవాణ్ణి. ఆపు పోలయ్యా అంటే చాలు. రెండు మాటలు. రోజుకు రెండు వందల మాటలు వృథాగా పారబోసేవాడికి ఆ రెండూ కరువయ్యాయి. ఇవాళ ఏమీ కాలేదు గనక రేపూ కాదు అనుకునేవాణ్ణి. మర్నాడు మళ్ళీ అదే లెక్క.

మొదటి వాన పడ్డ రోజు నా పరిస్థితి చూడాల్సింది. బొట్టు కొట్టుకుపోయి ఉంటుందని, పసుపు కుంకుమ తీసుకుని నూకాలమ్మ ఇంటికి పరిగెత్తాను. శుక్రవారం కదండీ, ఇరుసుకు మళ్ళీ బొట్టు పెడదామని అన్నాను. ఇంత చిన్నవయసులో ఎంత భక్తి అని అక్కడున్న ముసలమ్మలు మురిసిపోయారు. దేవుడు కూడా నవ్వే ఉంటాడు. ఆయన ఒక్కడే నా వేళాకోళానికి నవ్వకుండా నన్ను చూసి నవ్వినవాడు.

ఇరవై రెండో రోజు పొద్దున్న బండి రోజూలాగే నెమ్మదిగా మా కొలిమి ముందు నుంచి వెళ్ళింది. లాకు దాటి గట్టు దిగే చోట ఆ చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు. ఎండిన కొబ్బరిమట్ట విరిగినట్టు. తర్వాత గుర్రం అరుపు. వీధిలో ఎవరికీ ఏమైందో తెలియదు. నాకు తెలుసు.

ఇప్పుడు రాయబోయేది సత్తియ్యకు కూడా తెలియదు. ఆ చప్పుడు వినగానే నా గుండెలో మొదట కలిగింది భయం కాదు. అమ్మయ్య అనిపించింది. అయిపోయింది, ఇక రోజూ వినక్కర్లేదు అనిపించింది. మనిషి అన్నవాడికి అలా అనిపిస్తుందా? అనిపించింది. ఏడేళ్ళుగా నన్ను నేను అడుగుతున్నాను, జవాబు మారలేదు.

పరిగెత్తాను. బండి ఒరిగి ఉంది. పోలయ్య కుడికాలు మోకాలి దాకా దాని కింద ఉంది. నలుగురు బండి ఎత్తుతున్నారు. నాకన్నా బలమైన చేతులు అక్కడ లేవు. నేను ఎత్తలేదు. నేను ఇరుసు ముక్క వెతికాను. గడ్డిలో దొరికింది. విరిగిన మొహం చూశాను. సగం తెల్లగా, కొత్తగా మెరుస్తోంది. అది అప్పుడు విరిగింది. మిగతా సగం పసుపు పచ్చగా ఉంది. నేను రాసిన పసుపు వాననీటితో పగులు లోపలికంటా దిగి, అక్కడ ఆరి, నా కోసం కూర్చుని ఉంది. కమ్మరి అన్నవాడు ఎవడు చూసినా చెప్పేస్తాడు, బొట్టు పెట్టేనాటికే ఇది పగిలి ఉందని. ముక్కను పైపంచెలో చుట్టాను. ఆ తర్వాత, ఆ తర్వాతే, పోలయ్య భుజం పట్టుకున్నాను.

బండికి మిగిలిన రెండో ముక్కను నేనే కొలిమిలో పెట్టి కరిగేంత కాల్చి చదును చేశాను. దాన్ని పెట్టబోతుంటే సత్తియ్య చేతిలోంచి తీసుకుని చూశాడు. బొటనవేలితో ఒకసారి రాశాడు. వేలిని గోచీకి తుడుచుకున్నాడు. తెల్లబట్ట మీద పచ్చటి మరక పడింది. ఒక దగ్గు దగ్గి తిత్తి దగ్గరికి వెళ్ళాడు. ఆ మరక గురించి మేం ఈరోజు దాకా మాట్లాడుకోలేదు.

నాలుగో రోజున పోలయ్యను చూడబోయాను. వెదురు బద్దలు పెట్టి కాలికి కట్టు కట్టారు. మొహం పీక్కుపోయింది. నన్ను చూసి లేవబోయాడు.

"గట్టు దిగేటప్పుడు కాస్త ఊపు మీద తోలానండి ఆచారిగారూ. అక్క తొందరపెట్టింది, నేనూ తగుదునమ్మా అని తోలాను. మీ బండి పాడుచేశానండి."

అప్పుడు చెప్పవలసింది. తలుపు అంతకన్నా వెడల్పుగా ఎవరూ తెరవరు.

"బండిదేముంది పోలయ్యా. దానికి కాళ్ళు లేవు, నొప్పి తెలీదు," అన్నాను.

పోలయ్య నవ్వాడు. నవ్వితే కాలు కదిలి, ఆ నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా నవ్వుతూనే, మీరు మారరండి అన్నాడు.

కాలు వంకరగానే అతుక్కుంది. నావ కొసన నిలబడలేడు. ఏడేళ్ళుగా లాకు పక్కన కూర్చుని ఇతరుల వలలు బాగుచేస్తున్నాడు. కొసకు ఇనప పొన్ను వేసి చేతికర్ర చేసి ఇచ్చాను. ఏటా పొన్ను మారుస్తాను. ఆచారిగారు ఎంత మంచివారని వచ్చేపోయేవాళ్ళకు దాన్ని ఎత్తి చూపిస్తాడు. పోలయ్య దూకుడు మనిషని ఊళ్ళో పేరు. నావ మీదికి కూడా అతన్ని ఎవరూ పిలవరు, తొందరపడి ఏదో ఒకటి ముంచుతాడని. నూకాలమ్మ కోపం వచ్చినప్పుడల్లా, నెమ్మదిగా తోలమంటే విన్నావా అంటుంది. అతను తల దించుకుంటాడు. కాలు నేను తీశాను సరే, ఆ తల కూడా నేనే దించాను.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న నూకాలమ్మ మళ్ళీ వచ్చింది. కొత్త బండి కావాలంది. తమ్ముడు నిలబడలేడు గానీ కూర్చుని పగ్గం పట్టగలడట. భయపడుతున్నాడు, నేనే ఒప్పించానంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "నీ చేతి బొట్టు మంచిదయ్యా ఆచారీ. అంత దెబ్బలోనూ వాడి ప్రాణం నిలబెట్టింది," అంది. ఆవిడ వెళ్ళాక నేను దాగలి పట్టుకుని నిలబడ్డాను.

ఇరుసు తయారైంది. ఒకే కడ్డీ, అతుకు లేదు. సత్తియ్యా నేనూ ఒక్క మాట మాట్లాడకుండా చేశాం. పదిసార్లు తడిపి ఆరబెట్టి చూశాను. ఏ గీతా లేదు. అయినా పోలయ్య దాని మీద కూర్చుంటాడని తలుచుకుంటే మళ్ళీ తడిగుడ్డ తీస్తున్నాను. ఎల్లుండి శుక్రవారం. పళ్ళెం వస్తుంది.

అందుకే రాశాను. రాస్తుంటే ఒక సంగతి తట్టింది, నాకు నవ్వొచ్చింది కూడా. పోలయ్యకు చదువు రాదు, నూకాలమ్మకూ రాదు. ఈ కాగితం కూడా ఇంకో పసుపు ముద్దే అన్నమాట. వాళ్ళకు తెలియాలంటే నా నోటితోనే చెప్పాలి, వీధి అంతా చూస్తుండగా. వాళ్ళు ఏం చేస్తారో తెలియదు. కర్రతో కొడితే ఆ పొన్ను గట్టిదే, నేనే వేశాను. క్షమిస్తారేమోనని మాత్రం నేను అనుకోవడం లేదు. అలా అనుకుంటే మళ్ళీ బేరమే అవుతుంది.

దాగలి మొద్దు కింది నుంచి ఆ ముక్కను తీసి గుమ్మంలో అరుగు మీద పెట్టాను. పచ్చదనం మాసి గోధుమరంగుకు వచ్చింది గానీ పోలేదు. పొద్దున్న సత్తియ్య వచ్చి దాన్ని చూశాడు. పక్కకు జరపకుండా, దాటుకుని లోపలికి వెళ్ళాడు.

భయం తగ్గలేదు. కానీ ఏడేళ్ళలో మొదటిసారి, వీధిలో చక్రం చప్పుడైతే నా చెయ్యి ఆగలేదు, రాస్తూనే ఉంది. శుక్రవారం పళ్ళెం అందుకోకముందు అనవలసిన మొదటి మాట కంఠతా పట్టాను. ఎన్నిసార్లు అనుకున్నా దానికి నవ్వించే చివర ఏదీ దొరకలేదు.

పోలయ్యా, నువ్వు ఆ రోజు నెమ్మదిగానే తోలావు.