గద్వాల నుంచి తెచ్చిన షాకబ్జర్లు

మొన్న మా మనవరాలు తన పాత కారును నాగర్‌కర్నూల్లో బాగుచేయించడానికి తీసుకుపోతూ, ఇంట్లో ఒక్కడివే కూర్చుని ఏం చేస్తావు తాతా అని నన్నూ వెంట ఎక్కించుకుంది. కుదుపులు తగలకుండా కాసే వెనుక షాకబ్జర్లు పోయాయట. షాపతను అట్టపెట్టెలు చించి, మెరిసిపోతున్న కొత్త జత బయటికి తీసి, మేము చాయ్ తాగి వచ్చేలోపు బిగించేశాడు. ఇల్లు చేరాక దిగాము. మనవరాలు కారు తలుపు వేసి లోపలికి వెళ్ళిపోయింది గాని, నేను మాత్రం కారు వెనుక భాగాన్నే చూస్తూ కాసేపు వాకిట్లో నిలబడిపోయాను. అందరూ దిగాక కూడా బండి వెనుక ఇంకా ఎవరైనా దిగవలసి ఉన్నదేమోనని చూడడం నాకు వయసులో పట్టుకున్న అలవాటు. దినచర్య రాసుకునే అలవాటు లాగే అది కూడా ఇంతకాలం వదలలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల మాట. అప్పటికి నేను ఉప్పునుంతల దగ్గర ఒక దొరగారింట్లో కారు డ్రైవరుగా కొత్తగా చేరాను. ఆ తర్వాత ప్రభుత్వ బస్సులు ఎన్నో నడిపాను గాని, ఆ నల్లటి విలాయతి కారు స్టీరింగు పట్టుకున్నప్పటి దర్జా మళ్ళీ రాలేదు. పెట్రోలు చీటీల మీద వచ్చే కాలం, టైరు పగిలితే ఎద్దుబండే గతి అనుకునే కాలం, విడిభాగాలు కావాలంటే సముద్రం దాటి ఓడ రావాలి, ఓడలు మునుగుతున్నాయని పత్రికలు రాసే కాలం. మా తరం వారికి ఇదంతా చెప్పనక్కరలేదు.

ఆ ఇంట్లో దొర కంటే దొరగారి తల్లి, అంటే పెద్ద దొరసాని మాటే చెల్లేది. చిన్న దొరసాని, అంటే ఆమె కోడలు, పాలెం వైపు నుంచి వచ్చిన పిల్ల, మాట తక్కువ మనిషి. తొలి కాన్పు నిలువలేదు. పాలమూరు దవాఖానకు పోయే దారిలో, ఆ గుంతల్లో, ఆ కుదుపుల్లో, దారి మధ్యనే అంతా అయిపోయింది. రెండోసారి నెలలు నిండుతుండగా డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పి పంపింది: ముందుగానే తీసుకురండి, కుదుపు లేకుండా తీసుకురండి, ఈసారి కూడా అట్లాగే జరిగితే తల్లి దక్కదు అని. మా కారు చూస్తే వెనుక షాకబ్జర్లు రెండూ పనికిరాకుండా పోయాయి. చిన్న రాయి ఎక్కినా వెనుక సీటు గంతులు వేసేది. మా వైపు రైలు లేదు, ఇంకో కారు లేదు.

అప్పటి షాకబ్జర్లు ఇప్పటి గొట్టాల లాంటివి కావు. పిడికిలి కంటే పెద్దదైన ఇనుప డబ్బా, లోపల చమురు, డబ్బాకు మోచేయి వంటి ఒక చేయి. డబ్బాను చట్రానికి బిగించి, ఆ చేతిని ఇరుసుకు కలుపుతారు. మా కారును చూసే మెకానిక్ నాగర్‌కర్నూలు సాయిబు, నేను చాచా అని పిలిచేవాణ్ణి. ఆయన మా నాయన ఈడు మనిషి. నవ్వకుండా నవ్వించేవాడు. గద్వాలలో ఒక వకీలుగారింట వేరే రకం కారు ఒకటి ఏళ్ళ తరబడి కొట్టంలో పడి ఉన్నదని ఆయనకు తెలుసు. ఆ కారువి మన కారుకు సరిపోవు గాని, సరిచేసుకోవచ్చు అన్నాడు. ఇద్దరం జడ్చర్ల దాకా పోయి రైలెక్కి, కృష్ణ దాటి గద్వాలలో దిగాము.

మేము అడిగింది విని వకీలుగారు తాళంచెవి తీసుకుని లేచారు. కొట్టం దాకా వచ్చారు గాని గడప దాటలేదు. ఆయన భార్య నిండు నెలలతో ఉండగా నొప్పులు మొదలైతే, కర్నూలు దవాఖానకని ఆ కారులోనే బయలుదేరారట. అలంపూరు దగ్గర తుంగభద్ర ఒడ్డున పడవ కోసం ఆగవలసి వచ్చింది. ఏరు పొంగి ఉన్నది, పడవ రాలేదు. ఆమె ఆ వెనుక సీటులోనే, ఎదురుగా నీళ్ళ అవతల ఊరు కనబడుతుండగా, బిడ్డతో సహా పోయింది. మేము ఎందుకు వచ్చామో విన్నాక ఆయన పైసా అడగలేదు.

"తీసుకపోండ్రి. అది సగం దారిల ఆగిపోయింది. మీరన్న ముట్టించుండ్రి," అన్నారు. ముట్టించడమంటే మా వైపు, చేరవలసిన చోటికి చేర్చడం.

కారు నిండా దుమ్ము. చక్రాలలో గాలి లేదు. వెనుక ఎడమ వైపు కొంచెం కుంగి ఉన్నది, అక్కడ ఎవరో కూర్చున్నట్టుగా. బోల్టులు చూడడానికి చాచా సీటు పైకెత్తితే సందులో ఆకుపచ్చ గాజు ముక్కలు దొరికాయి. ఆయన వాటిని పారవేయలేదు. చేతిరుమాలు విప్పి, అందులో మూటకట్టి జేబులో పెట్టుకున్నాడు.

నాగర్‌కర్నూలుకు తెచ్చి బిగించబోతే అసలు తంటా మొదలైంది. ఆ కారు డబ్బాల చేతులు వెనక్కు చాచి ఉన్నాయి, మా కారుకు ముందుకు చాచాలి. ఎడమ వైపుది కుడికి, కుడి వైపుది ఎడమకు మార్చి పెడితేనే ఇరుసుకు అందాయి. చట్రానికి కొత్తగా రంధ్రాలు వేసి, కమ్మరి చేత పట్టీలు కొట్టించి బిగించాడు చాచా. చమురు దొరకదు గనుక ఆముదంలో స్పిరిటు కలిపి, వేళ్ళ మధ్య జారవిడిచి చూసుకుంటూ పోశాడు. పరీక్ష ఏమిటంటే, ఇత్తడి బిందెను మెడ దాకా నీళ్ళతో నింపి వెనుక సీటులో పెట్టి ఊరి బయటి గుంతల బాటలో నడపడం. తిరిగి వచ్చి చూస్తే నీళ్ళు తొణికిన తడి కూడా సీటు మీద లేదు. నాకు ఎంతో సంబరమైంది. చాచా మాత్రం బిందె దించుతూ సీటు ఎడమ వైపు అరచేయి పెట్టి చూసి, ఎవరికో తగిలినట్టు చటుక్కున తీసుకున్నాడు.

కారు ఇల్లు చేరాక మొదట ఎక్కి చూసింది పెద్ద దొరసాని. నిండైన మనిషి. ఆమె కూర్చుంది, కారు కుంగింది, ఆగింది. ఆ తర్వాత, ఎవరూ కదలకుండానే, ఎడమ వైపు మరికొంచెం, మెత్తగా, ఒక మనిషి చీర కుచ్చిళ్ళు సర్దుకుని నెమ్మదిగా పక్కన కూర్చున్నట్టు, కిందికి దిగింది. వాకిట్లో నిలబడిన దాసి చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంది సాయిబూ గిది? నేనెక్కినంక ఇంకెవలో ఎక్కిండ్రు!" అన్నది పెద్ద దొరసాని.

"ఎవ్వరు లేరు దొరసానమ్మా. డబ్బాలు ఎడమది కుడికి పెట్టిన. గందుకే దిగేటప్పుడు జర ఆలోచన చేస్తది, లేచేటప్పుడు ఉరుకుతది. బరువు మనిషి కూసుంటే ఇంకింత ఆలోచన చేస్తది."

"నన్ను బరువంటున్నవా? నీ నోట్ల మన్ను వడ!"

అందరూ నవ్వారు. ఆమె దిగగానే కారు చాచా చెప్పినట్టే చప్పున పైకి లేచింది. చమురు సంగతి తెలిసిన నాకు ఆ మాట సరిగ్గానే తోచింది. కానీ గద్వాల సంగతి ఎట్లా పొక్కిందో సాయంత్రానికి ఇల్లంతా తెలిసిపోయింది. నిమ్మకాయలు తొక్కించారు, గుమ్మడికాయ పగలగొట్టారు, ఆ ఇనుము తీసి వాగులో పారేయమన్నది పెద్ద దొరసాని. తీస్తే మళ్ళీ గంతుల బండి. ఉంచితే ఆ సీటులో, ఆ పక్కన, నిండు చూలాలు కూర్చోవాలి. దొర ఎటూ చెప్పలేక వాకిట్లో పచార్లు చేశాడు. డాక్టరమ్మ చెప్పిన గడువు దగ్గర పడింది.

అప్పుడు చిన్న దొరసాని చాచాను పిలిపించి అంతా అడిగింది. వకీలుగారి ఇల్లాలు ఎట్లా పోయింది, ఎక్కడ పోయింది, ముత్తైదువగానే పోయిందా అని. చాచా జేబులోంచి రుమాలు తీసి గాజు ముక్కలు ఆమె ముందు పెట్టాడు. మా వైపు ఆడబిడ్డ పుట్టింటి నుంచి బయలుదేరితే ఒడిబియ్యం పోయకుండా పంపరు. చిన్న దొరసాని పళ్ళెంలో బియ్యం, పసుపు, కుంకుమ, ఎండు కొబ్బరి, రవికె గుడ్డ తెచ్చి కారు తలుపు తీసి, ఖాళీగా ఉన్న ఎడమ వైపు సీటు మీద గుడ్డ పరచి ఒడిబియ్యం పోసింది. గాజు ముక్కలను అందులోనే ముడివేసింది.

"నీకేమన్న పిచ్చా పిల్లా? సచ్చినదానికి ఒడిబియ్యమా?" అని అత్త కేకలు వేసింది.

"ఆమె గూడ దవాఖానకే బయలెల్లింది అత్తమ్మా. నడుమల దించుడు ఎట్ల?" అన్నది కోడలు. ఆ ఇంట్లో ఆమె ఎదురు చెప్పగా విన్నది అదే మొదటిసారి.

మరునాడు పొద్దు పొడిచాక బయలుదేరాము. నేను, నా పక్కన చాచా, వెనుక కుడి వైపు చిన్న దొరసాని. అత్త రానన్నది. దొర ముందే గుర్రం మీద వెళ్ళాడు. బండి నెమ్మదిగా, నూనెలో జారినట్టు పోయింది. దుందుభి వాగు దాటేటప్పుడు మాత్రం నడుమ ఇసుకలో చక్రం దిగబడి ఆగిపోయింది. నీళ్ళు సన్నగా పారుతున్నాయి. దగ్గరలో మనిషి లేడు. చాచా ఎడ్ల కోసం ఒడ్డుకు పరిగెత్తాడు. ఇంజను ఆపాక ఎంత నిశ్శబ్దమంటే, వెనుక చిన్న దొరసాని మెల్లగా మాట్లాడుతుండడం నాకు స్పష్టంగా వినబడింది. నాతో కాదు. "గిది చిన్న వాగే అక్కా, భయపడకు, ఎడ్లు వస్తయి," అంటున్నది. నా ముందు అద్దం ఉన్నది. కన్నెత్తితే వెనుక సీటు మొత్తం కనబడుతుంది. నేను ఎత్తలేదు. ఎడ్లు వచ్చి, మోకులు కట్టి, బండి అవతలి ఒడ్డు ఎక్కేదాకా నా కళ్ళు నీళ్ళ మీదనే ఉంచాను.

మధ్యాహ్నానికి పాలమూరు దవాఖాన మెట్ల ముందు కారు ఆపాను. దొర వచ్చి భార్యను చేయి పట్టి దించాడు. నేనూ చాచా దిగాము. అన్ని రోజులుగా ఎవరు దిగినా చప్పున ఎగిరే కారు ఆ రోజు ఎగరలేదు. లోపల ఎవరూ లేకున్నా ఎడమ వైపు కుంగి అట్లాగే ఉన్నది. చిన్న దొరసాని మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, చేయి కొంచెం చాచి నిలబడింది. అప్పుడు బండి, చమురుకు గాని ఇనుముకు గాని తెలియని నిదానంతో, కొంచెం కొంచెంగా పైకి లేచింది. చాచా తల వంచి సలాము చేశాడు. చిన్న దొరసాని "దా, పోదాం," అన్నది. దొర తనతోనే అన్నదనుకుని ముందుకు నడిచాడు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. గద్వాలకు మనిషిని పంపి, ఆ ఇల్లాలి పేరేమిటో అడిగి తెప్పించుకుని బిడ్డకు అదే పెట్టారు. తిరుగు ప్రయాణంలో కారు ఎక్కినప్పుడు రెండోసారి కుంగలేదు, దిగినప్పుడు చప్పున లేచింది. ఎడమది కుడికి, కుడిది ఎడమకు అట్లాగే ఉన్నాయి, ఆముదం అదే ఆముదం. ఏం చాచా అని అడిగితే, ఆయన చేతులు తుడుచుకుంటూ, "మన పని ముట్టించుడు బేటా, అడుగుడు కాదు," అన్నాడు.

ఇప్పుడు ఏది పోయినా కొత్తది అట్టపెట్టెలో వస్తుంది. అందులో చక్కగా సరిపోయే ఇనుము తప్ప ఇంకేమీ ఉండదు. ఎవరి కొట్టంలో నుంచి వచ్చిందో, ఎవరిని ఎక్కడిదాకా మోసి ఆగిపోయిందో అడగవలసిన పని లేదు. మంచిదే, ప్రయాణాలు సుఖంగా ఉన్నాయి. కానీ మా రోజుల్లో ఒకరి బండి సామాను ఇంకొకరి బండిలో పెట్టుకుంటే, వారి సగం దారి కూడా మన దారిలో కలిసేది. మొన్న వాకిట్లో నిలబడి చూసినప్పుడు కారు వెనుక ఎవరూ దిగలేదు. ఎందుకో, లోపలికి వచ్చాక కూడా ఇంటి తలుపు వెంటనే వేయబుద్ధి కాలేదు.