వెనక పెట్టిన నిమ్మకాయలు

నా చిన్నప్పుడు నిమ్మకాయల్లో రసం ఉండేది. ఇప్పుడు మార్కెట్లో దొరికేవి చూడ్డానికి నున్నగా, నిగనిగలాడుతూ, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు ఉంటాయి. కోసి పిండితే ముందు గింజలు రాలతాయి, ఆ తర్వాత మొహమాటానికి ఒక చుక్క. ఈ సంగతి మా వీధి చివర కూరగాయలమ్మకు చాలాసార్లు చెప్పాను. ఆవిడ ప్రతిసారీ శ్రద్ధగా విని, మళ్లీ అవే కాయలు నా సంచిలో వేసింది. నిమ్మకాయ మీద నాకింత పట్టుదల ఎందుకంటే, దాన్ని ఎక్కడ పెట్టాలనే విషయంలో మా మేనత్త ఒకరోజు మా నాయనతో వాదించి గెలిచింది. ఆ వాదనలో ఒక లారీ, దాని వెనక ఒక ట్రైలరు కూడా పాల్గొన్నాయి.

తొంభైల నాటి మాట. మేం అప్పుడు రేణిగుంటలో ఉండేవాళ్లం. మా నాయనకు ఒక డీజిల్ లారీ ఉండేది. ఇటుకలు, ఇసుక, సత్యవేడు వైపు నుంచి వడ్ల మూటలు తోలేవాడు. ఎక్కడికి పోయినా చీకటి పడేలోపు ఇల్లు చేరే తోలకాలే. లారీ రోడ్డు మీద ఉన్న రోజుల కన్నా, దాని నీడలో మా కోళ్లు పడుకున్న రోజులే ఎక్కువ. నాయన ఆ కోళ్ల వైపు చూసే చూపు మాకెవరికీ బాగుండేది కాదు, ముఖ్యంగా కోళ్లకు.

అలాంటి రోజుల్లో బోర్లు వేయించే కాంట్రాక్టరు ఒకాయన ఇంటికి వచ్చాడు. ఆయన బోరు బండి నాగపూరు వైపు పనికి పోతోంది. బోరు దిగేటప్పుడు లోపలికి గాలి కొట్టే కంప్రెషరు ఒకటి ఉంటుంది, రెండు చక్రాల ట్రైలరు మీద బిగించి, ఏనుగు పిల్లంత. దాన్ని లాక్కుపోవలసిన లారీ ఇంజను సరిగ్గా అప్పుడే కూర్చుంది. మా నాయన దాన్ని నాగపూరు చేరిస్తే ఎండాకాలమంతా తనతోనే పని ఇస్తానన్నాడు. శుక్రవారం పొద్దున బంకు దగ్గర కలుద్దామన్నాడు. రాకపోతే ఇంకో లారీ చూసుకుంటానని కూడా, చాలా మర్యాదగానే, అన్నాడు.

ఆ వారం మా ఇంట్లో జరిగిన ఏర్పాట్లు చూస్తే నాయన లారీ తోలడానికి కాక దండయాత్రకు పోతున్నాడేమో అనిపించేది. ఇంజనాయిలు మార్చాడు. డీజిల్ ఫిల్టరు మార్చి, పాతదాన్ని కూడా దాచాడు. స్టెప్నీలు, జాకీ, తాళ్లు, టార్పాలిన్, గ్రీజు డబ్బా అన్నీ వాకిట్లో పరిచి, మళ్లీ సర్ది, మళ్లీ పరిచాడు. ట్రైలరు రాగానే దాని చక్రాలు ఊడదీసి బేరింగులకు గ్రీజు పెట్టాడు. లారీకి తగిలించే పిన్నును సుత్తితో కొట్టి చూసి, దాని చుట్టూ గొలుసు వేసి, గొలుసుకు మళ్లీ తాడు కట్టాడు. వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడమని నన్ను నిలబెట్టి, లోపల్నుంచి బ్రేకు తొక్కి, “యలగతాందా?” అని వీధంతా వినపడేలా అడిగేవాడు. వెలుగుతూనే ఉండేది. అమ్మ ఒక డబ్బాకు రాగిపిండి, ఒక జాడీకి చింతకాయ ఊరుబిండి పచ్చడి, సంచీ నిండా వేరుశెనగ ఉంటలు చేసి పెట్టింది. నాగపూరులో జనం అన్నం తింటారని అమ్మకు నమ్మకం లేదు.

బుధవారం కాణిపాకం పోయి లారీకి పూజ చేయించుకొచ్చాం. అక్కడి దేవుడి ముందు చేసిన ప్రమాణం తప్పితే ఊరుకోడని మా జిల్లాలో అందరికీ తెలుసు, అందుకే తాగుడు మానాలనుకునేవాళ్లు అక్కడికే పోతారు. నాయన కూడా గుండంలో మునిగి, తడిబట్టలతో నిలబడి, దారిలో చుక్క ముట్టనని ప్రమాణం చేశాడు. ఇందులో చిక్కేమిటంటే మా నాయన అసలు తాగడు. జీవితంలో ఎప్పుడూ తాగలేదు. అయినా ప్రమాణం చేశాక ఆయన ముఖంలో ఒక గొప్ప విజయం కనిపించింది.

గురువారం సాయంత్రం మా అత్త వచ్చింది. నాయనకు అక్క. మా ఊళ్లోనే, రైల్వే గోడకు ఆనుకుని ముగిసే ఒక సందులో ఉండేది. కాణిపాకం సంగతి విని, “నువ్వు తాగనని ఒట్టేసినావా? బలే కష్టమైన ఒట్టే,” అంది. తర్వాత కొంగు నడుముకు దోపి ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగింది. చక్రాన్ని కాలితో తట్టింది. చివరికి అడిగింది.

“ఇది వెనక్కి పోతాదా?”

“నాగపూరు ముందర ఉండాదక్కా,” అన్నాడు నాయన. “వెనకాల యాడుండాది?”

అందరం నవ్వాం. అత్త కూడా నవ్వింది. అది మేం గమనించవలసిన విషయం. మా అత్త ఇతరుల మాటలకు నవ్విందంటే అక్కడితో అయిపోలేదని అర్థం.

మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. బండి దూరం పోతుందంటే ఇంటి ఆడబిడ్డ హారతి పట్టాలి, నిమ్మకాయలు పెట్టి చక్రాలతో తొక్కించాలి. అది కాకుండా పొలిమేర దాటకూడదు. లారీ కొన్ననాటి నుంచి అత్తే హారతి పళ్లెం పట్టుకుని మా ఇంటికి వచ్చేది. ఈసారి మాత్రం మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి, పొయ్యేటప్పుడు మా వాకిలి ముందరికి వచ్చి తీసుకోని పో, అంది. అని, అంత దూరమూ విసవిసా నడిచి వెళ్లిపోయింది.

శుక్రవారం రాహుకాలం రాకముందే కదలాలని నాయన పెందలాడే లారీ తీశాడు. అమ్మ, నేను క్యాబిన్లో కూర్చున్నాం. అత్త వాళ్ల సందు లారీ పట్టేంత ఉంటుంది, లారీ మనసు మార్చుకునేంత ఉండదు. లారీ, దాని వెనక కంప్రెషరు చివరిదాకా పోయి, రైల్వే గోడకు ఎదురుగా ఆగాయి. మేం కిందికి దిగాం. అత్త హారతి ఇచ్చింది. నాయన నుదుట, లారీ నుదుట బొట్టు పెట్టింది. తర్వాత రెండు నిమ్మకాయలు తీసుకుని, లారీ పక్కనుంచి, ట్రైలరు పక్కనుంచి నడుచుకుంటూ వెనక్కి, సందు మొదట్లోకి పోయింది. అక్కడ నేల మీద ఎడంగా అటొకటి, ఇటొకటి పెట్టింది.

“అత్తా, నిమ్మకాయలు ముందర గదా పెట్టాల?” అన్నాను నేను. ఆ వయసులో నాకు శాస్త్రం బాగా తెలుసు.

“ముందర గోడ ఉండాది మే. కండ్లు లేవా? బండి పొయ్యే పక్కన పెట్టాల,” అంది అత్త. “రెండూ నలగల్ల. అప్పుడు పోనీ నాగపూరు.”

నాయన ధైర్యంగానే రివర్సు గేరు వేశాడు. లారీని వెనక్కి తీయడం ఆయనకు చేతకానిది కాదు, కళ్లు మూసుకుని తీసేవాడు. కానీ వెనక ట్రైలరు ఉన్నప్పుడు లెక్క తారుమారవుతుందని ఆయనకు అప్పుడే తెలిసింది. స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రైలరు కుడికి పోయింది. సరిచేద్దామని కుడికి తిప్పితే ఎదురింటి తులసికోట వైపు బయల్దేరింది. ముందుకు పోయి మళ్లీ వస్తే ఈసారి లారీ, ట్రైలరు రెండూ మడతపెట్టిన మంచంలా అయ్యాయి. వీధి జనమంతా బయటికి వచ్చారు. మన దగ్గర బండి వెనక్కి పోతోందంటే చెయ్యి ఊపే హక్కు అందరికీ ఉంటుంది. “రానీ, రానీ,” అని ఒకరు, “ఆపప్పా, ఆపు,” అని ఇంకొకరు, “లెఫ్టు కొట్టు, నీ లెఫ్టు కాదు, నా లెఫ్టు,” అని గోడ మీద కూర్చున్న పెద్దాయన. అత్త ముక్కాలిపీట తెచ్చి వాకిట్లో వేసుకుని, చాటలో అనపకాయలు పోసుకుని వలవడం మొదలుపెట్టింది.

రాహుకాలం వచ్చింది. నాయన చొక్కా తడిసిపోయింది. దిగి, అత్త దగ్గరికి వచ్చి, ట్రైలరు విప్పి నలుగురం కలిసి బయటికి తోసేస్తామని అన్నాడు.

“తొయ్యచ్చు,” అంది అత్త అనపగింజ నోట్లో వేసుకుని. “నాగపూరు దారిలో ఘాట్లుంటాయి, ఆడ రోడ్డు మూసేసి ఎనక్కి పొమ్మంటే తోసేదానికి మేమంతా నీతో వస్తామా? చెప్పు, గుడ్డలు సర్దుకుంటాం.”

“అక్కా, టైమైపోతాంది. ఆయన ఇంకో లారీ మాట్లాడుకుంటాడు.”

“మాట్లాడుకోనీ. నువ్వు యాడన్నా లోయలో ఉంటే ఆ ఎండాకాలం పని నా మరిది చేస్తాడా?”

ఆ మాటకు అమ్మ పోయి అత్త పక్కన కూర్చుని, తనూ అనపకాయలు వలవడం మొదలుపెట్టింది. దాంతో నాయన పక్షాన ఎవరూ మిగల్లేదు.

అప్పుడు అత్త నాకు, నాయనకు వినపడేలాగే, ఒక సంగతి చెప్పింది. చిన్నప్పుడు పిల్లలంతా బావిలో ఈత నేర్చుకుంటుంటే మా నాయన గట్టు మీద అందరి గుడ్డలకు కాపలా కూర్చునేవాడట. ఆ కాపలా ఎంత బాగా కాసేవాడంటే, ఒక్క చొక్కా కూడా పోలేదట. ఊళ్లో అందరూ మెచ్చుకునేవాళ్లట. ఈత మాత్రం ఇప్పటికీ రాదు. “చేతనైన పని పదిసార్లు చేస్తాడు మే మీ నాయన. చేతగానిదుంటే దాని చుట్టూ తిరిగి పోతాడు,” అంది. నాకు వారమంతా వెలిగిన బ్రేకు లైటు గుర్తొచ్చింది. తాగని మనిషి చేసిన ప్రమాణం కూడా గుర్తొచ్చింది. నాయన లారీ ఎక్కాడు.

ఆ తర్వాత ఆయన ఎవరి చేతి ఊపునూ చూడలేదు. ఇంచు ఇంచు వెనక్కి వచ్చేవాడు, వంకర పోతే ముందుకు పోయి, గోడ దగ్గర ఆగి, మళ్లీ వచ్చేవాడు. వీధి జనానికి విసుగొచ్చి ఒక్కొక్కరే లోపలికి పోయారు. మధ్యలో ఎప్పుడో ఆయన చెయ్యి స్టీరింగు పైనుంచి కిందికి దిగింది. కింద పట్టుకుని తిప్పితే చెయ్యి ఎటు పోతే ట్రైలరు అటు పోతుందని కనిపెట్టాడు. అది ఆయనకు ఎవరూ చెప్పలేదు. అత్తకు తెలిసే అవకాశమే లేదు, ఆవిడ సైకిలు కూడా ఎక్కి ఎరుగదు. ఆవిడకు తెలిసింది లారీ గురించి కాదు, తమ్ముడి గురించి.

కాంట్రాక్టరు బంకు దగ్గర చూసి చూసి, మా ఇంటికి పోయి, అక్కడినుంచి దారి అడుగుతూ స్కూటరు మీద ఆ సందు మొదటికి వచ్చాడు. ముఖంలో మర్యాద బాగా తగ్గి ఉంది. సరిగ్గా అప్పుడు ట్రైలరు ఆయన వైపుకు మెల్లగా వస్తోంది. ఆయన అలవాటుగా చెయ్యి ఎత్తాడు. అత్త పీట మీదినుంచే కేకేసింది.

“చెయ్యి ఊపొద్దు నాయనా. రానీ వాడినే.”

చెయ్యి దించాడు. నాయన అద్దంలో చూస్తూ, చెయ్యి కిందనే పెట్టుకుని, తిన్నగా వచ్చాడు. ఎడమ చక్రం కింద ఒక కాయ పగిలింది. ఇంకొకటి కూడా పగలడం విన్నాను. రసం చింది కాంట్రాక్టరు పంట్లాము మీద పడింది. చెప్పాను కదా, అప్పటి కాయల్లో రసం ఉండేది.

నాయన లారీని రోడ్డు మీదికి తీసి, అక్కడ ఆపకుండా, మళ్లీ సందులోకి తీసుకుపోయి, మళ్లీ వెనక్కి తెచ్చాడు. ఈసారి ఎవరూ చేయమనలేదు. కాంట్రాక్టరు అది పూర్తయ్యేదాకా చూసి, పంట్లాము తుడుచుకుంటూ, “సరేలే, రేపు పొద్దున్నే పోదాం,” అన్నాడు. అత్త లోపలికి పోయి మిగిలిన నిమ్మకాయలు పిండి, కుండెడు షర్బత్తు కలుపుకొచ్చింది. రెండు కాయలు తొక్కించడానికి ఆవిడ బుట్టెడు కాయలు ఎందుకు తెప్పించిందో, ఒక్క తమ్ముడికి భోజనం పెట్టడానికి వీధంతటికీ సరిపోయేంత సంగటి, అనపగింజల పులుసు ఎందుకు వండిందో నాకు అప్పుడు అర్థమైంది. మోకాళ్ల సంగతి కూడా అర్థమైంది.

నాయన ఎండలు బాగా ముదిరాక తిరిగొచ్చాడు. అత్తకని దారంతా క్యాబిన్లో, తన పక్కనే పెట్టుకుని, ఒక బుట్ట నారింజలు తెచ్చాడు. మాకు సంచిలో కొన్ని. ఆ బుట్ట ఎందుకని అత్త అడగలేదు, ఆయనా చెప్పలేదు. అమ్మ మాత్రం, దారి ఎట్లుండె అని అడిగింది. “బాగానే ఉండె. ఒక వాగు కాడ కొంచెం పని పడింది,” అన్నాడు. అంతకు మించి ఆ వాగు గురించి మా ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ తెలియదు.

ఆ రోజు నాలో అట్లాగే ఉండిపోయింది. ఏ పని మొదలుపెట్టినా ముందు వెనక్కి రావడం ఎట్లాగో చూసుకుంటాను. కల్యాణ మండపంలో తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంటాను. తిరుపతి కాలేజీలో పాఠాలు చెప్పుకునే నాకు విశాఖపట్నంలో పెద్ద ఉద్యోగం వచ్చినప్పుడు, తిరిగి ఎప్పుడు పంపిస్తారని అడిగితే వాళ్లు సరిగ్గా చెప్పలేకపోయారు, మానుకున్నాను. కారు కొన్నాక ముందు నేర్చుకుంది రివర్సే. మా అపార్టుమెంటు సెల్లారులో స్తంభాల మధ్య ఇరుక్కున్న కార్లను బయటికి తీయడానికి ఇరుగుపొరుగు తాళాలు నా చేతికే ఇస్తారు. నాకది కొంచెం గర్వం.

పోయిన నెల అత్త మా ఇంటికి వచ్చింది. ఎనభై దాటాయి, మోకాళ్లు ఇప్పుడు నిజంగానే నొప్పి. రేణిగుంట నుంచి నేనే కారులో తీసుకొచ్చాను. సెల్లారులో రెండు స్తంభాల మధ్యకు, చెయ్యి స్టీరింగు కింద పెట్టుకుని, ఒక్క ఊపులో వెనక్కి తెచ్చి ఆపాను. కారుకు ట్రైలరు లేదు కాబట్టి చెయ్యి అక్కడ పెట్టే అవసరం లేదు, అయినా అత్త చూడాలని పెట్టాను. ఇదంతా నువ్వు నేర్పిందే అత్తా, ఆ రోజు నుంచి తిరిగొచ్చే దారి చూసుకోకుండా అడుగు వెయ్యలేదు అని, విశాఖపట్నంతో సహా, అన్నీ చెప్పుకొచ్చాను.

అత్త ఓపిగ్గా విన్నది. ఈ బండి కొని ఎన్నేండ్లయిందని అడిగింది. ఆరేళ్లన్నాను. ఇంకా ప్లాస్టిక్ కవరు తీయని సీటును చేత్తో తడిమి చూసింది.

“వాడు నాగపూరు పొయ్యేదానికి గదా మే వెనక్కొచ్చేది నేర్చుకోమనింది,” అంది. “నువ్వు యాడికి పోయినావు?”