వినుత రాసిపెట్టిన సర్వర్

కెంచార్లహళ్ళి వినుతకు చింతామణిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పని. ఆమె దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు నెట్‌లో ఊళ్ళు కట్టే ఆట ఆడబోతే, ముక్కూమొహం తెలియని మగవాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టేవాళ్ళు. "ఆడొద్దు" అనలేదు వినుత. పాత కంప్యూటరొకటి కొని, ఇంట్లోనే సర్వర్ పెట్టి, ఆ పిల్లలకు మాత్రమే తలుపు తెరిచింది. టమోటా రైతులు తమ అనుభవాలు రాసుకునే వెబ్‌సైటూ అందులోనే నడిచేది.

ఆ యంత్రంలో ఏ ప్రోగ్రాములుండాలి, లోపలికి ఎవరు రావాలి, అన్నీ ఒకే ఫైల్లో రాసేది. ఏది మార్చాలన్నా ఆ రాతే మార్చి, ఇట్లా ఉండు అని యంత్రానికి చెప్పేది.

ఊరికి ఇంటర్నెట్ లైన్లిచ్చే చంద్రుకు ఇది నచ్చలేదు. "రెండు బటన్లు నొక్కేదానికి ఇంత రాత యాలక్కా? నాకిచ్చెయ్, నేను నడిపిస్తా."

"నీకిస్తే లోపలికెవరు రావాలో నువ్వు చెప్తావు. అది నేనే చెప్పాల."

శ్రావణంలో ఒక రాత్రి పిడుగు పడి కంప్యూటర్ కాలిపోయింది. తెల్లారేసరికి చంద్రు గడపలో ఉన్నాడు. "చెప్తే విన్యావా అక్కా?"

"పిడుగే వద్దన్యాక నీకెందుకే ఇదంతా?" అంది అత్త మునిలక్ష్మమ్మ.

వినుత అటక మీంచి మీటలూడిన పాత ల్యాప్‌టాప్ దించింది. ఫైలూ, ఆటలోని ఊళ్ళూ, రైతుల రాతలూ నకలు తీసి వారానికోసారి బాగేపల్లిలోని స్నేహితురాలు సుమ దగ్గర దాస్తుంది. అవి తెప్పించి, ఫైల్లో కాలిన డిస్కు పేరు బదులు ల్యాప్‌టాప్ డిస్కు పేరు రాసి, నడిపించింది. ల్యాప్‌టాప్ తప్పు చూపింది. చంద్రు నవ్వాడు. పేరులో ఒక అక్షరం తప్పు. దిద్ది మళ్ళీ నడిపించింది.

మధ్యాహ్నానికి సైటు తెరుచుకుంది. పిల్లల పేర్లు ఒక్కొక్కటీ ఆటలో కనిపించాయి. చివరి నకలు తర్వాత మూడు రోజుల్లో కట్టినవి మాత్రం పోయాయి. పిల్లలు ఏడవలేదు, మళ్ళీ మొదలుపెట్టారు.

"ఇంటి లైన్లో సర్వర్ పెట్టరాదు. లైను పీకేస్తా," అన్నాడు చంద్రు.

"పీకప్పా. ఇంకొకరి లైను తీసుకుంటా."

శుక్రవారం నిజంగానే పీకేశాడు. రెండు రోజులు సర్వర్ మూగబోయింది. ఆదివారం చింతామణి నుంచి వేరే లైను వచ్చింది. అదే ఫైల్లో నాలుగు వరుసలు మారాయి, అంతే.

ఆ నెలలోనే సుమ ఫోన్ చేసింది. "మా పిల్లోల్లూ ఇట్లాంటి ఆట కావాలంటాండారు. ఆ ఫైలు ఇస్తావా?"

పాస్‌వర్డ్లు తీసేసి పంపింది వినుత. "లోపలికి రావాల్సినోల్ల పేర్లు మీరే రాసుకోండి," అంది.