డిఫెండర్ మోకాలు

అమెరికాలో, బాతెల్ అనే ఊళ్లో మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో నొప్పి అని నోరు తెరిచి చెప్పనివాడు అతనొక్కడే. ఫిన్లాండ్ మనిషి, ఫుట్‌బాల్‌లో అవతలి జట్టుని గోల్ కొట్టనివ్వకుండా అడ్డుకునే డిఫెండర్, ముప్పై నాలుగేళ్లు. మోకాలి ఆపరేషన్ తర్వాత అతన్ని మళ్లీ ఆటకి సిద్ధం చెయ్యడం ఫిజియోథెరపిస్టుగా నా పని. ఐదు నెలలు చేశాను.

కాలు వంచేటప్పుడు ధ్యాస మళ్లించడానికి ఏదో ఒకటి అడిగేదాన్ని. అలా ముక్కలు ముక్కలుగా అతని కెరీర్ అంతా విన్నాను. పదిహేడేళ్లకి సొంత ఊరి క్లబ్బు. కనుబొమ్మ మీద కుట్లు డెన్మార్క్‌వి. విరిగి అతికిన భుజం ఎముక జర్మనీది. ఆఖరికి ఇక్కడ. ఇన్నేళ్లలో కొట్టిన గోల్స్ మూడు, అందులో ఒకటి సొంత జట్టు మీదే. "డిఫెండర్ బాగా ఆడితే ఎవరికీ గుర్తుండడు," అన్నాడొకసారి, అదేదో వాతావరణం సంగతైనట్టు.

చివరి పరీక్షలో ఒంటికాలి మీద దూకించాను. మోకాలు లోపలికి వాలిపోయింది. మూడుసార్లు చేయించినా అంతే. ఈ పరీక్ష తప్పితే ఇక మ్యాచులు లేవని సర్జన్ నాతో ముందే అన్నాడు. ఆ మాట చెప్పాల్సింది నేను.

చెప్పలేదు. "వచ్చేసారి ఎవరినైనా తోడు తీసుకురండి," అన్నాను. నేను పెరిగిన గుంటూరులో చెడు కబురు పేషెంటుకి చెప్పరు. తోడొచ్చినవాళ్లని వరండాలోకి పిలిచి చెబుతారు. పదేళ్లు అమెరికాలో ఉన్నా ఆ వరండా నన్ను వదల్లేదు.

మా ఆయన తల పట్టుకున్నాడు. "ఇదేమన్నా గుంటూరా? ఆయన రిపోర్ట్ ఇంకొకరికి చెప్తావా? ప్రైవసీ ఇష్యూ అవుద్ది." నాకు తెలియక కాదు. తెలిసే రెండు రోజులు అన్నం సయించలేదు.

అతను భార్యని తీసుకొచ్చాడు. నేను ఆవిడ వైపే కుర్చీ జరుపుకుని, ఆవిడనే చూస్తూ, ఎముకలూ కండరాలూ అంటూ ఊరంతా తిప్పుతున్నాను.

"మోకాలు నాది. నాకు చెప్పండి," అన్నాడతను మెల్లిగా.

అతని వైపు తిరగక తప్పలేదు. "నడవచ్చు, కొంచెం పరిగెత్తొచ్చు. మ్యాచ్ మాత్రం ఇక ఆడలేరు."

ఆవిడ ఏడ్చేసింది.

"సంతోషంతో ఏడుస్తోంది," అన్నాడతను. మూడేళ్లుగా అతను గ్రౌండులో ఉన్నంతసేపూ ఆవిడ భయంతో టీవీ కట్టేసి, మడతపెట్టిన బట్టలే మళ్లీ మడతపెట్టేదట. "నేనెప్పుడో అలిసిపోయాను. మానేస్తానని నా నోటితో అనలేకపోయాను. అడిగిన ప్రతి డాక్టరూ ఇంకోసారి ప్రయత్నిద్దాం అన్నాడు."

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. అనవసరంగా రెండు రోజులు పస్తున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

అతను ట్రీట్‌మెంట్ టేబుల్ మీద వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు.

"ఇంకోసారి చెప్పండి."

"మీరిక ఆడక్కర్లేదు," అన్నాను.